దిష్టి తగిలిన సూర్యుడు

మబ్బు విడిపోతోంది.

ముసురు వదిలిందని తామ్రపురి జనం ఆ ఉదయం సంబరపడ్డారు. ఇద్దరు మాత్రం సంబరపడలేదు. ఒకరు, బింబశాలలో కొలిమి నోటి మీద ఇనప బోనులో వేలాడుతున్న ముసలి ముప్పమ. రెండోవాడు ఆమె అల్లుడు రేచన. మబ్బు ఉన్నన్నాళ్ళే ముప్పమకు ప్రాణం. సూర్యుడు కనబడితే ఆ మధ్యాహ్నమే ఆమెను కొలిమిలోకి వదిలేస్తారు.

ఆ రాజ్యం ఆచారం అలాంటిది. తామ్రపురిలో సూర్యుణ్ణి ఎవరూ తలెత్తి చూడకూడదు. రాజు మొదలు గొడ్లకాపరి దాకా, గడప దాటితే తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని నేలచూపులు చూస్తూ నడవాలి. తలెత్తినవాడి కళ్ళు పొడిపిస్తారు. సూర్యుణ్ణి చూడాలంటే బింబశాల గోడ మీదే చూడాలి. గోపురం నెత్తిన ఉన్న కంచు అద్దం ఎండను పట్టి, రాగిరేకుకు పొడిచిన సన్నటి బెజ్జంలోంచి చీకటి శాలలోకి పంపుతుంది. ఎదురుగా సున్నపు గోడ మీద చేటంత సూర్యుడు పడతాడు.

కొన్నేళ్ళుగా ఆ సూర్యుడి ముఖం మీద మచ్చలు పడుతున్నాయి. ఏటేటా ఎక్కువవుతున్నాయి. ఉల్కాముఖుడనే మాంత్రికుడు వచ్చి, సూర్యుడికి దిష్టి తగిలిందన్నాడు. సముద్రపొడ్డున ఉప్పుమళ్ళలో బతికే జనం సూర్యుణ్ణి కళ్ళెత్తి చూస్తారనీ, వాళ్ళ చూపు సోకే మచ్చలు పుడుతున్నాయనీ చెప్పాడు. దిష్టి తీయాలంటే ఆ జనంలో ఒకరిని కొలిమికి ఇవ్వాలన్నాడు. ఇచ్చారు. మర్నాడు మచ్చ పోయింది. రాజు పృథుకీర్తి మాంత్రికుడి కాళ్ళకు మొక్కాడు. కొన్నాళ్ళకు మరో మచ్చ వచ్చింది. మరొకరిని ఇచ్చారు. అదీ పోయింది.

మచ్చ దానంతట అదే పోతుందని ఉప్పుమళ్ళలో చంటిపిల్లకు కూడా తెలుసు. తూర్పు అంచున పుట్టి, సూర్యుడి ముఖం మీదుగా మెల్లగా నడిచి, పడమటి అంచున దిగిపోతుంది. ఉల్కాముఖుడికీ తెలుసు. అది అంచుకు చేరిన రోజు చూసుకుని బలి ఇస్తాడు. అతని మంత్రమంతా అంతే.

కిందటేడు అలా పోయినవాళ్ళలో రేచన భార్య కుందమ ఉంది. రేచన అప్పుడు ఇదే రాజు సైన్యంలో, సరిహద్దు యుద్ధంలో ఉన్నాడు. తిరిగివచ్చేసరికి నగరమంతా దీపాలు పెట్టి ఉంది. ఏమిటి పండగని అడిగాడు. సూర్యుడి ముఖం తేటపడిందన్నారు. ఎలా తేటపడిందో చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు. దీపాలు పెట్టడానికి మాత్రం అందరికీ చేతులు వచ్చాయి.

ఇప్పుడు కుందమ తల్లిని పట్టుకొచ్చారు.

గోపురం మీద అద్దం తుడిచే పని గుడ్డివాళ్ళది. చూపున్నవాడు అక్కడికి వెళితే సూర్యుణ్ణి చూస్తాడు కదా. అందుకని రేచన గడ్డం పెంచి, మసిగుడ్డలు చుట్టుకుని, కర్ర తాటించుకుంటూ గోపురం వాకిట నిలబడ్డాడు. వాకిలి కాపలాదారు కాటయ. ఒకప్పుడు రేచనతో కలిసి ఒకే కుండలో అంబలి తాగినవాడు. గుర్తుపడితే తల ఎగిరిపోతుంది.

“కళ్ళెలా పోయాయిరా?” అన్నాడు కాటయ.

“అమ్మవారు పోసింది దొరా. చిన్నప్పుడు.”

“ఒంటి మీద మచ్చ ఒక్కటీ లేదు. అమ్మవారు నీ కళ్ళ కోసమే వచ్చిందా?”

“ఆమె దయ దొరా. తీసుకోవలసినంతే తీసుకుంది.”

కాపలావాళ్ళు నవ్వారు. కాటయ నవ్వలేదు. బాకు దూసి, దాని మొనను రేచన కుడికంటి రెప్పవెంట్రుకలకు తాకేలా నిలబెట్టాడు. రేచన ఆ మొనలోంచి అవతల దూరంగా ఎక్కడికో చూస్తున్నట్టు చూశాడు. రెప్ప వేయలేదు. ఎండకు తళతళలాడే ఉప్పుమడిని రెప్పవేయకుండా చూడడం అతనికి కుందమే నేర్పింది. పెళ్ళయిన కొత్తలో పందెం వేసుకుని ఆడిన ఆట అది. ప్రతిసారీ ఆమే గెలిచేది.

కాటయ బాకు దించి, రేచన చేతిలోని కర్ర లాక్కున్నాడు. “సరే. తిన్నగా నడు. మెట్లు ఎదురుగానే ఉన్నాయి.”

ఎదురుగా మెట్లు లేవు. నేల మీద చెక్క తొలగించి ఉంది. దాని కింద పాతాళంలా నల్లటి గొయ్యి. అడుగున ఎవరివో ఎముకలు తెల్లగా మెరుస్తున్నాయి. ఇంతకుముందు చూపుండి వచ్చి, అంచున ఆగి దొరికిపోయి, లోపలికి తోయబడినవాళ్ళవి.

ఆగితే చూపున్నట్టు లెక్క. రేచన ఆగలేదు. చేతులు చాచి తడుముకుంటూ నడిచి, గోతిలోకి అడుగు వేశాడు. కిందికి జారిపోతూ, అడ్డంగా ఉన్న దూలానికి రొమ్ము కొట్టుకుని, దాన్ని వాటేసుకుని వేలాడాడు. ఊపిరి అందలేదు. “అయ్యో దొరా! చంపేశారు దొరా!” అని అరిచాడు. ఆ అరుపు నటన కాదు.

“గుడ్డోడే,” అన్నాడు కాటయ విసుగ్గా. “లాగి పైకి తోలండి.”

గోపురం పైభాగం ఆకాశానికి ఎత్తిపట్టిన అరచేయిలా ఉంది. చుట్టూ పిట్టగోడ లేదు. నడిమధ్యన, ఏనుగు చెవి అంత కంచు అద్దం ఇరుసు మీద నిలబడి ఉంది. దాని అంచున మకరాలూ, మకరాల నోట తామరలూ చెక్కి ఉన్నాయి. కింద తామ్రపురి రాగి కప్పులు వానకు తడిసి, చింతపండుతో తోమి బోర్లించిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఆ వీధుల నిండా గిడుగులు కదులుతున్నాయి. మనుషులు కనబడరు. గిడుగులే.

అద్దం పక్కన ఒక ముసలివాడు గుడ్డతో కంచు తుడుస్తున్నాడు. అతని కళ్ళు ఉండవలసిన చోట కుట్టేసిన తోలులా ముడతలున్నాయి. పేరు బొల్లన. కుర్రతనంలో ఒకసారి తలెత్తినందుకు పడిన శిక్ష అది.

“ఎవర్రా?”

“కొత్తవాణ్ణి తాతా. అద్దం తుడవడానికి పంపారు.”

బొల్లన చెయ్యి ఆగింది. “మెట్లెక్కి రాగానే వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. తెల్లారినప్పటి నుంచి వచ్చినవాడల్లా అందులో పడి తిట్టుకుంటున్నాడు. నీ అడుగులు పొడిగా ఉన్నాయేంట్రా?”

రేచన మొలలో చెయ్యి పెట్టాడు.

“కత్తి తీస్తున్నావు. అదీ వినబడింది. పొడిస్తే పొడువు గానీ ముందొకటి చెప్పు. ఆయన ఎట్లా ఉన్నాడు?”

“ఎవరు?”

“పైనున్నాయన. ఒక్కసారి తలెత్తాను. సరిగ్గా చూడకముందే పట్టుకున్నారు. చూడని దానికి కళ్ళు ఇచ్చేశానురా నేను.”

రేచన కత్తి మీది చెయ్యి తీసి తలెత్తాడు. పల్చటి మబ్బు తెర వెనక సూర్యుడు చల్లబడి ఉన్నాడు. చూపుకు ఆనుతున్నాడు.

“గుండ్రంగా, తెల్లగా, వెన్నముద్దలా ఉన్నాడు తాతా. రెండు మచ్చలు. ఆవూ దూడలా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆవు ముందు నడుస్తోంది, దూడ వెనక వస్తోంది. పడమటి అంచుకు చేరిపోయాయి. రేపటికి దిగిపోతాయి.”

“అయితే ఆ ముసల్దాని పని ఇవాళే అయిపోయినట్టే.”

“ఆమె మా అత్త.”

బొల్లన నోరు తెరిచి నవ్వాడు. పళ్ళు లేవు. “అత్త కోసం గోపురమెక్కిన అల్లుణ్ణి ఇదే వినడం! అంత బాగా చూసుకునేదా?”

“నా ముఖాన ఒక మంచిమాట అని ఎరగదు. కూతుర్ని ఇచ్చింది. ఆ పిల్లను కాపాడుకోలేకపోయాను.”

బొల్లన నవ్వు ఆపేశాడు. “ఈ మచ్చలు ఎన్నటికీ వదలవా?” అన్నాడు.

“వదులుతాయి. ఉప్పుమళ్ళలో తేట సూర్యుడున్న ఏళ్ళలోనే పెళ్ళిళ్ళు చేస్తారు. మచ్చలు పెరిగి, నిండి, మళ్ళీ తగ్గి, ముఖం తేటపడేసరికి, పుట్టిన ఆడపిల్ల ఓణీ వేసుకునే ఈడుకు వస్తుంది. మా అత్త అలాంటి తిరుగుళ్ళు ఎన్నో చూసింది. ఇప్పుడు నిండుగా ఉన్న ఏళ్ళు. ఇకమీద తగ్గుతాయి. ఆ తగ్గడం తన మహిమే అని చెప్పి ఉల్కాముఖుడు సింహాసనం ఎక్కుతాడు. ఆ లోపల ఉప్పుమళ్ళలో మనిషి మిగలడు.”

“ఏం చేద్దామని వచ్చావు?”

“అద్దం ఇంకోటి ఉందా?”

ఉంది. అరిగిపోయిన పాత అద్దాన్ని గోనెపట్టా కింద పడేశారు. రేచన ఆలోచన సూటిగా ఉంది. ఒకప్పుడు అతను బింబశాలలో ఈటె పట్టుకుని కాపలా కాశాడు. గోడ మీద మచ్చ ఎప్పుడూ కుడి అంచున పుట్టి ఎడమ అంచున చస్తుంది. ఎండ ఒక అద్దం మీద పడి వస్తుంది కనుక అలా కనబడుతుంది. రెండు అద్దాల మీద పడి వస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. చావబోయే మచ్చ ఇప్పుడే పుట్టినట్టు కనబడుతుంది. తలెత్తి సరిచూసుకునేవాడు ఆ నగరంలో ఒక్కడూ లేడు. వాళ్ళ ఆచారమే వాళ్ళ కళ్ళకు గంత.

ఇద్దరూ కలిసి పెద్ద అద్దాన్ని పక్కకు తిప్పారు. పాత అద్దానికి ఇరుసు లేదు. రేచన దాన్ని రొమ్ముకు ఆనించుకుని, బెజ్జానికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింద మధ్యాహ్నపు శంఖం ఊదారు. మబ్బు తెర తొలగింది. ఎండ పెద్ద అద్దం మీద పడి, చిన్న అద్దం మీదికి దూకి, బెజ్జంలోంచి లోపలికి దిగింది. కంచు కాలడం మొదలుపెట్టింది.

“కదలకురా,” అన్నాడు బొల్లన. “నువ్వు కదిలితే కింద సూర్యుడు కదులుతాడు.”

బింబశాల చీకటి ఆలయంలా ఉంది. నూరు రాతి స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఏడు తలల గుర్రాలు, గుర్రాల కళ్ళలో పొదిగిన కెంపులు. కొలిమి వెలుగుకు ఆ కెంపులన్నీ ఒకేసారి ఆరి, ఒకేసారి వెలుగుతున్నాయి. సింహాసనం మీద పృథుకీర్తి మహారాజు వక్కపొడి నములుతూ కాలు ఊపుతున్నాడు. భయమేసినప్పుడు ఆయనకు అదే అలవాటు. పక్కన ఉల్కాముఖుడు. తాటిచెట్టంత మనిషి. పిడికెడు నడుము, పాము కుబుసాలతో అల్లిన ఉత్తరీయం, నుదుట రాగి బొట్టు. కనుబొమలు గొరిగించుకున్నాడు. అందుకని ఆ ముఖంలో కోపానికీ నవ్వుకూ తేడా తెలియదు.

గోడ మీద సూర్యుడు వెలిగాడు. సభలోవాళ్ళు చేతులు జోడించారు. వెంటనే గుసగుసలు మొదలయ్యాయి.

“ఉల్కాముఖా, మచ్చ కుడి అంచున ఉందేమిటి?” అన్నాడు రాజు. “ముసురుకు ముందు చూసినప్పుడు నడిమికి వచ్చేసింది కదా!”

మాంత్రికుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. అబద్ధం అతనికి నీళ్ళు తాగినంత తేలిక. “ఆ మచ్చ ముసురులోనే పోయింది ప్రభూ. నా జపం దాన్ని దింపేసింది. ఇది కొత్తది. ఇప్పుడే పుట్టింది.”

లోపల అతనికి సంతోషంగా ఉంది. కొత్త మచ్చ నడవడానికి చాలా రోజులు పడుతుంది. అన్ని రోజులూ రాజు కాలు ఊపుతూనే ఉంటాడు. భయపడ్డ రాజు దగ్గర ఏమైనా అడగవచ్చు.

“ఓ జుత్తులేని కనుబొమ్మలోడా!” బోనులోంచి పిలుపు వచ్చింది. ముప్పమ చువ్వలు పట్టుకుని నిలబడింది. కింద కొలిమి సెగకు ఆమె తెల్ల జుట్టు పైకి లేస్తోంది. “మచ్చ జపంతోనే దిగిపోయిందా?”

“అవును, మంత్రశక్తి అది.”

“మరి జపంతోనే దిగేదానికి నా బిడ్డనెందుకు కాల్చావురా?”

సభలో ఎవరో దగ్గారు. ఉల్కాముఖుడు ఆమెకు వీపు తిప్పి గోడ వైపు నడిచాడు. మచ్చల దగ్గరికి ముఖం పెట్టి చూశాడు.

అప్పుడే ముప్పమ కూడా చూసింది. తనను పట్టుకొచ్చిన రోజున ఉప్పుమడి గట్టు మీద నిలబడి చూసిన ఆవూ దూడలే అవి. ఉండకూడని వైపుకు తిరిగి ఉన్నాయి. గోడ మీద కుడి నుంచి ఎడమకు నడవాలంటే ఆవు ముందుండాలి. ఇక్కడ దూడ ముందుంది, ఆవు వెనక అంచుకు అంటుకుని ఉంది. పైన ఎవరో ఎండను మళ్ళీ తిప్పారు. తలెత్తి చూడగల మనిషే ఆ పని చేయాలి. తామ్రపురిలో తన కోసం ఆ పని చేసేవాడు ఒక్కడే. పనికిమాలిన అల్లుడు.

ఉల్కాముఖుడి వేలు దూడ దాకా వెళ్ళి ఆగింది. తల కొంచెం పక్కకు వంచాడు. ఇంకో క్షణం అలాగే చూస్తే అతనికీ తెలిసిపోతుంది. గోడ మీద సూర్యుడు సన్నగా వణికాడు. పైన రేచన అరచేతుల చర్మం కంచుకు అంటుకుపోతోంది.

“గోడను తడుముతావేందిరా, పెళ్ళిచూపులకొచ్చినోడిలాగా?” అరిచింది ముప్పమ. “అంత పెద్ద మచ్చను దింపడం నీ తరం కాదని చెప్పెయ్. రాజుగారూ, ఈయనకు చేతకాదంట. మాంత్రికుణ్ణి మార్చుకోండి. మా ఊళ్ళో ఎండ్రకాయలు పట్టేవాడున్నాడు, వీడికంటే నయం.”

ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఉల్కాముఖుడు గిర్రున తిరిగాడు. గోడ అతని వీపు వెనక్కి పోయింది. ముప్పమకు కావలసింది అదే.

“వినండి!” అన్నాడతను. శాల దద్దరిల్లింది. “ఇది మహాదోషం. అమావాస్య దాకా బ్రహ్మ దిగివచ్చినా ఈ మచ్చ పోదు. అమావాస్యనాడు మహారాజుగారి కిరీటం నా తలకెత్తి, ఈ దుష్టురాలిని కొలిమికి ఇస్తేనే పోతుంది. ఈలోగా పోతే నా తల నరికి కోట గుమ్మానికి కట్టండి!”

“విన్నారుగా అందరూ?” అంది ముప్పమ నెమ్మదిగా. “గుమ్మానికంట.”

పృథుకీర్తి కాలు ఊపడం ఆపాడు. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూశాడు. తర్వాత తల ఊపాడు. ఒక ముసలిదాని ప్రాణమూ, ఒక రాజ్యమూ అంత తేలిగ్గా ఇచ్చేశాడు. అలాంటివాణ్ణి రాజనడం ఆ ఊరివాళ్ళ తప్పు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ శంఖం ఊదారు. అద్దాలు రెండూ నిన్నటిలాగే పెట్టారు. రేచన చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. గోడ మీద సూర్యుడు పడ్డాడు.

మచ్చ లేదు.

కడిగిన పళ్ళెంలా ఉన్నాడు. మొదట మాట్లాడింది ఒక ముసలి మంత్రి.

“పోయింది,” అన్నాడు. “ఎవరినీ చంపకుండానే పోయింది.”

ఆయన కోడలు కూడా ఉప్పుమళ్ళ పిల్లే. ఆమెను కొలిమికి పంపినప్పుడు ఆయన ఈ సభలోనే చేతులు జోడించుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఏడ్చాడు. ఏడ్చి ప్రయోజనం లేదు. మాట్లాడవలసిన రోజు దాటిపోయింది.

ఉల్కాముఖుడు గోడను చూడడం లేదు. బెజ్జాన్ని చూస్తున్నాడు. “అద్దం,” అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పగిలేలా అరిచాడు. “పైన చూపున్నవాడు ఉన్నాడు! కాటయా, పైకి! ఆ బోను తాడు తెంపండి, ఇప్పుడే!”

గోపురం మీద బొల్లన తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. లోపలి నుంచి గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి.

“పోరా. ఈ తలుపు పాతది, నేనూ పాతవాణ్ణే. ఎంతసేపు ఆగుతామో తెలీదు.”

“నువ్వూ రా తాతా!”

“వచ్చి ఏం చూడను? నువ్వు చెప్పింది చాలు. వెన్నముద్దలా ఉన్నాడన్నావుగా.”

రేచన పెద్ద అద్దాన్ని మళ్ళీ బెజ్జం వైపు తిప్పి, దాని ఇరుసుకు కట్టి ఉన్న తాడు నడుముకు బిగించుకుని, బెజ్జం ఉన్న రాగిరేకును రెండు కాళ్ళతో తన్నాడు. మేకులు ఊడాయి. రేకు గణగణలాడుతూ కిందపడింది. దాని వెనకే, కట్టినప్పటి నుంచి ఎండ ఎరగని ఆ శాలలోకి పెద్ద అద్దం పట్టిన ఎండంతా ఒక్కసారిగా కుమ్మరించినట్టు దిగింది. రాజు కళ్ళు మూసుకుని సింహాసనం వెనక్కి పాకాడు. భటులు ఈటెలు పారేసి ముఖాలు కప్పుకున్నారు. ఆ వెలుగులో కళ్ళు తెరిచి ఉన్నవి ఇద్దరివే. ఒకరు అత్త, ఒకరు అల్లుడు.

అప్పటికే ఒక భటుడు బోను తాడు మీద గొడ్డలి వేశాడు. తాడు పీచులు పీచులుగా విడుతోంది. రేచన ఎండతో పాటు గాలిలో ఊగుతూ వచ్చి బోను మీద పడ్డాడు. బోను కొలిమి మీదుగా ఊగి అవతలి గట్టుకు కొట్టుకుంది. గడియ ఊడదీసి, ముప్పమ చెయ్యి పట్టి ఈడ్చాడు. ఆమె కాలు గట్టు మీద ఆనగానే తాడు తెగింది. బోను కొలిమిలోకి దూకి, మైనంలా వంగి, మునిగిపోయింది.

“ఒకరోజు ముందు రావడం చేతకాదు నీకు,” అంది ముప్పమ రొప్పుతూ. “ఎప్పుడూ అంతే.”

“నడు అత్తా.”

దారిలో సింహాసనం అడ్డొచ్చింది. దాని వెనక నుంచి పృథుకీర్తి చెయ్యి చాచి రేచన కాలు పట్టుకున్నాడు. “రేచనా, నువ్వా? నాకు తెలియదయ్యా. వాడు చెప్పింది నమ్మాను. నన్ను క్షమించు!”

రేచన కాలు విడిపించుకుని వెళ్ళాడు. వెనక్కి తిరగలేదు. తెలియదనడం రాజులు చివరి దాకా దాచుకునే ముద్ద. అది తిననివ్వడం మంచివాళ్ళు చేసే పొరపాటు.

కొలిమి వెనక చిట్టెం మోసే దారి ఉంది. కరిగిన రాగిలోంచి తీసిన మడ్డిని గంపలకెత్తి, కోట గోడ మీది నుంచి గిలకతో కిందనున్న ఉప్పుటేటిలోకి దింపుతారు. ఇద్దరూ గోడ ఎక్కేసరికి గోపురం మీద తలుపు విరిగిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకో చప్పుడు.

బొల్లన ఆఖరి బలంతో పెద్ద అద్దాన్ని ఇరుసు నుంచి తోసేశాడు. మకరాలతో, తామరలతో, ఆ కంచు చక్రం తిరుగుతూ, మెరుస్తూ, ఆకాశంలోంచి రాజవీధిలోకి పడింది. నేల అదిరింది. దాని వెనక పడింది ముసలివాడు. అతన్ని ఎవరూ చూడలేదు. ఏం పడిందో చూడాలని వీధిలో వేలమంది ఒకేసారి తలలెత్తారు. గిడుగులు వెనక్కి జారిపోయాయి. అప్పుడే అడ్డొచ్చిన పల్చటి మబ్బు వెనక తెల్లగా, గుండ్రంగా, వాళ్ళు ఏనాడూ చూడనిది కనబడింది. ఎవరి కళ్ళూ పేలిపోలేదు. ఒక చంటిది చెయ్యెత్తి చూపించి నవ్వింది.

రేచన అత్తను చిట్టెం గంపలో కూర్చోబెట్టి, తానూ దూకి, గిలక వదిలాడు. గంప గోడ వెంట కిందికి దిగింది. సగం దాకా దిగి, ఆగింది.

పైన ఉల్కాముఖుడు గిలక పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో కత్తి. కత్తి తాడు మీద ఆనించాడు. కానీ కోయలేదు. అతని గిడుగు ఎక్కడో పడిపోయింది. అతను కూడా తల వెనక్కి వాల్చి, జీవితంలో మొదటిసారి, సూర్యుణ్ణి చూస్తున్నాడు.

ముప్పమ అతని చూపు వెంట చూసింది. ఆమె వేళ్ళు రేచన భుజంలోకి దిగాయి.

“అల్లుడా, తూర్పు అంచు చూడు.”

రేచన చూశాడు. గోడ మీది బింబంలో తెలియనంత సన్నగా, అంచున నల్లగా, ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ లోపలికి వస్తున్నాయి. పెద్దవీ చిన్నవీ, లెక్కకు అందనన్ని.

“ఈసారి ఆవూ దూడా కాదు,” అంది. “మందే వస్తోంది. నా వయసులో ఇంత మందను చూడలేదు.”

ఉల్కాముఖుడు చూపు దించాడు. కనుబొమలు లేని ఆ ముఖంలో ఈసారి నవ్వు స్పష్టంగానే తెలిసింది.

“ముప్పమా! ఆ మచ్చ పోలేదు, మందై తిరిగొచ్చిందంటాను, నా తల ఎవరూ అడగరు. ఇకమీద నాకు గోడతో పనిలేదు. అద్దంతో పనిలేదు. ఆ మంద పడమటి అంచుకు చేరే రోజు ఏదో నేనే చూసుకుంటాను. ఇంత మచ్చకు ఒక మనిషి చాలదని ఈ ఊరివాళ్ళకు చెప్పడం ఎంతసేపు? మీ ఉప్పుమళ్ళన్నీ కావాలంటాను. ఇస్తారు. వాళ్ళు ఎప్పుడు కాదన్నారు?”

అది నిజం. వాళ్ళు ఎప్పుడూ కాదనలేదు.

“నువ్వు ముందు వెళ్ళి చెప్పు,” అని తాడు కోశాడు.

గంప గాలిలో తలకిందులైంది. కోట గోడ, ఆకాశం, ఏరు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. నీళ్ళు రాయిలా తగిలాయి. ఉప్పు రేచన కాలిన అరచేతుల్లోకి మంటలా ఎక్కింది. అతను మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. మెట్టలో పుట్టినవాడు. ఈత రాదు.

జుట్టు పట్టుకుని ఎవరో పైకి లాగారు.

“ఈత కూడా రాదు,” అంది ముప్పమ నీళ్ళు ఉమ్ముతూ. “నా కూతురు నీలో ఏం చూసిందో.”

వెనక కోట గుమ్మం తెరుచుకుంటున్న చప్పుడు. గుర్రాల డెక్కలు. ముప్పమ ఒక చేత్తో అల్లుడి జుట్టు బిగించి పట్టుకుని, రెండో చేత్తో నీళ్ళు తోసుకుంటూ ఉప్పుమళ్ళ వైపు ఈదడం మొదలుపెట్టింది.

పైన మంద నడుస్తోంది.